ప్లాటు కొనే ముందు ఒకసారి వానలో వెళ్లి చూడండి

కిందటి సంచికలో "మీ ఊరు ఎటు పెరుగుతోంది, దానివల్ల మీకొచ్చిన ఇబ్బందేంటి" అని రాయమన్నాం. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. నేను పుట్టి పెరిగింది విజయనగరం దాసన్నపేటలో కాబట్టి ఈసారికి ఆ ఉత్తరాలే తీసుకున్నాను, మిగతా జిల్లాల వాళ్లు ఏమీ అనుకోకండి. ట్రాఫిక్ గురించి, కుక్కల గురించి, చెత్త గురించి కూడా రాశారు గానీ చాలామంది బాధ చివరికి నీళ్ల దగ్గరే ఆగింది. తాగడానికి రావు, వానొస్తే పోవు.

ప్రశ్న: మాది గాజులరేగ దాటాక వచ్చే కొత్త కాలనీ. 2013లో 200 గజాలు కొని ఇల్లు కట్టుకున్నాం. మొదటి నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు గంటసేపు గట్టిగా వాన పడితే చాలు, వీధిలో మోకాలి లోతు నీళ్లు, గుమ్మం దాటి హాల్లోకి వచ్చేస్తున్నాయి. అప్పుడు లేని నీళ్లు ఇప్పుడెక్కడి నుంచి వస్తున్నాయి? మా ఆయన "పునాది ఇంకో రెండడుగులు లేపాల్సింది, నీ మాట విని ఆగాను" అని వానొచ్చినప్పుడల్లా నన్నే అంటున్నారు. తప్పు మాదేనా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: తప్పు మీది కాదమ్మా, మీ ఆయనదీ కాదు. మీరు ఇల్లు కట్టినప్పుడు మీకు ఎగువన పొలాలుండేవి, ఇప్పుడు అవి లేవు. అసలు సంగతి ఇంతే, కానీ ఇది మీ ఒక్క వీధి కథ కాదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. ఎండాకాలంలో మీ వీధికొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్‌తో లెక్కేస్తే 80 ట్యాంకర్లు, అదీ ఒక్క ఎకరానికి. అదే ఎకరం వరిమడి అయితే జానెడు గట్టు ఉంటుంది, పడ్డ నీళ్లలో చాలా భాగం మడిలోనే నిలిచి కొంత ఇంకిపోయేది, మిగిలింది రైతు గట్టుకి గండి కొట్టి వదిలినప్పుడు మడి నుంచి మడికి నెమ్మదిగా దిగేది. దాన్ని చదును చేసి సిమెంటు రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, గేటు దాకా టైల్స్ పరిచాక నీటికి ఆగే చోటు లేదు, అరగంటలో పల్లానికి వచ్చేస్తుంది. మీ ఎగువన ఇరవై ఎకరాలు లేఔట్లు అయ్యాయనుకుంటే, అలాంటి వాన పడిన రోజు 1,600 ట్యాంకర్లు మీ వైపు వదిలినట్టే.

రెండోది గెడ్డ, అంటే వాన నీళ్లు పారే వాగు. మన ప్రాంతంలో నీటి ఏర్పాటు అంతా గొలుసుకట్టు. కొండ మీంచి దిగిన నీళ్లు గెడ్డలో పడి పై చెరువుకి వస్తాయి, అది నిండి పొర్లితే కింది చెరువుకి, అక్కడి నుంచి ఇంకో బందకి (చిన్న చెరువుకి), చివరికి ఏటికి. ఎండాకాలంలో చూస్తే ఆ గెడ్డ ఎవరికీ పనికిరాని గుంతలా, ముళ్లపొదలతో ఉంటుంది. పూడ్చేసినా అడిగేవాడు కనపడడు. మీ కాలనీలాంటిదే ఇంకో కాలనీకి కిందటేడు అక్టోబరులో వెళ్లాను. అక్కడ గెడ్డ ఎంత ఉండేదో పక్క పొలం ముసలాయన నిలబడి అడుగులు కొలిచి చూపించాడు, పన్నెండడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. దాన్ని పూడ్చి, పైన రోడ్డేసి, కింద రెండడుగుల సిమెంటు గొట్టం ఒకటి పెట్టారు. ఇంటికొచ్చి లెక్క కట్టాను, 48 చదరపు అడుగుల దారి మూడు చదరపు అడుగులకు వచ్చింది, అంటే పదిహేనో వంతు. ఆ గొట్టం మూతికి అడ్డంగా ఒక కొబ్బరిమట్ట, దానికి పట్టుకుని పాల ప్యాకెట్లు, ఒక చిన్నపిల్ల చెప్పు. ఆ మిగిలిన మూడడుగులు కూడా లేవు.

మూడోది రోడ్డు మీద రోడ్డు. పాత సిమెంటు తీయకుండా దాని మీదే ఇంకో ఆరంగుళాలు పోస్తారు, రెండుసార్లు పోస్తే మీ గుమ్మం అడుగు కిందికి దిగిపోయినట్టు. అప్పుడు పక్కింటివాళ్లు మూడడుగులు లేపి కడతారు, వాళ్ల నీళ్లు మీ ఇంట్లోకి. మీరు నాలుగడుగులు లేపితే మీ నీళ్లు వెనకింట్లోకి. ఈ మాట మీ ఆయనకు కాస్త నెమ్మదిగా చెప్పండి, పునాది లేపితే నీళ్లు పోవు, వేరేవాళ్లింటికి వెళ్తాయి.

ఇక చేయాల్సింది. మీ సచివాలయంలో గానీ తహసీల్దారు ఆఫీసులో గానీ సర్వేయర్‌ని అడిగితే పాత గ్రామ పటం చూపిస్తారు, అందులో గెడ్డ, చెరువు, బాట ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో గీసి ఉంటుంది. మీ కాలనీ మీదుగా వెళ్లే గెడ్డ అందులో ఎక్కడుందో పట్టుకోండి, దాని మీద ఇప్పుడేముందో ఫొటోలు తీయండి. చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటికీ గట్టిగా చెప్పింది. అర్జీలో ఈ రెండూ రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఒక్కరే వెళ్లకండి, వీధిలో ముప్పై సంతకాలు పెట్టించి అయిదుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లండి. అడగాల్సినవి రెండే: గెడ్డ పాత వెడల్పుకి తెరవాలి, ఇకపై రోడ్డు వేసేటప్పుడు పాత పొర తవ్వి తీసి అదే ఎత్తులో వేయాలి. రెండోది వెంటనే అయ్యే పని, దాన్ని వదలకండి.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి మేడల మీద ఉండిపోయారు, పాల ప్యాకెట్లు పడవల్లో తెచ్చిచ్చారు. మనకి బుడమేరంత వాగు లేకపోవచ్చు, కానీ 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. పదేళ్లు కూడబెట్టిన ఎనిమిది లక్షలున్నాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర 167 గజాల ప్లాటు, ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేరు అని బ్రోకర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఫోన్ ఎత్తడం వారం రోజులు ఆపండి, నిద్ర పడుతుంది.

విమానాశ్రయం మాట నిజమే. దాదాపు 2,200 ఎకరాలు, 3,800 మీటర్ల రన్‌వే, ఇవి బ్రోకర్ కల్పించినవి కావు. కానీ విమానాశ్రయం దగ్గర అంటూ అమ్మే ప్లాట్లలో చాలా వాటికి అది పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బ్రోచర్‌లో నిమిషాల్లో చెబుతారు, మీరు కిలోమీటర్లలో అడగండి. ఇంకో మాట, 2011 జనాభా లెక్కల్లో దేశంలో పట్టణాల్లో ఉండేవాళ్లు 31 శాతం, విజయనగరం జిల్లాలో 21 శాతం లోపు, శ్రీకాకుళంలో 16 శాతం. మన జిల్లాల నుంచి మీలాగే జనం విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లిపోతున్నారు. మరి హైవేకి రెండువైపులా రాళ్లు పాతిన ఇన్ని వేల ప్లాట్లలో ఇళ్లు కట్టుకుని ఉండేదెవరు? చాలా వరకు ఒకరి దగ్గర కొని ఇంకొకరికి అమ్ముదామని కొన్నవే. మీరు అమ్మాలనుకున్న రోజు కొనేవాడు దొరకాలి కదా, దాని గురించి బ్రోకర్ చెప్పడు.

అయినా సొంత జిల్లాలో జాగా ఉండాలన్న మీ ఆశ నాకర్థమైంది, అది తప్పు కాదు. అందుకే ఎలా చూసుకోవాలో చెబుతాను. ఆ లేఔట్‌కి విఎంఆర్‌డిఎ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పి నంబరు, అంటే లేఔట్ అనుమతి నంబరు అడగండి, "అప్రూవల్ ప్రాసెస్‌లో ఉంది" అంటే లేనట్టే లెక్క. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్ ఏదైనా రెరాలో (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థలో) నమోదు కావాలి, ఆ నంబరు వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి, వాట్సాప్‌లో పంపిన ఫొటోని నమ్మకండి. లేఔట్‌లో పది శాతం పార్కు, ఆటస్థలం కింద వదలాలి, అది స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చారా లేదా కనుక్కోండి. రాయకపోతే అయిదేళ్ల తర్వాత ఆ పార్కు కూడా ప్లాట్లయిపోతుంది, ఇది నేను కళ్లారా చూసిన సంగతి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) అందరూ తీస్తారు, అది చాలదు. నిషేధిత భూముల 22-ఎ జాబితా చూడాలి. అంతకన్నా ముఖ్యం, మన వైపు ఊళ్లు చాలావరకు జమీందారీ ఊళ్లు, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక చేసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్లో (అప్పటి భూమి రికార్డులో) ఆ సర్వే నంబరు ఏమని రాసి ఉందో చూడాలి. అందులో చెరువు, గెడ్డ, గయాలు (ఎవరి సాగులోనూ లేని బీడు) అని ఉంటే ఈరోజు మీ చేతికి ఎంత అందమైన దస్తావేజు వచ్చినా దండం పెట్టి వచ్చేయండి. ఈ పనికి ఒక లాయరుకి ఇచ్చే ఫీజు గురించి వెనకాడొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక పని మిగులుతుంది. అమ్మేవాళ్లు మిమ్మల్ని జనవరిలోనో ఏప్రిల్‌లోనో ఏసీ కారులో తీసుకెళ్లి చూపిస్తారు, అప్పుడు ఏ నేలైనా బాగుంటుంది. మీరు అక్టోబరులో, వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురేసిన తర్వాత, చెప్పకుండా వెళ్లండి. ప్లాటు రాయి మీద ఎర్ర అంకె నీళ్ల పైన కనపడుతోందో లేదో చూడండి. పసుపు రంగేసిన రాళ్ల మీద నీళ్లు నిలిచిన గీత ఉంటుంది, తడి ఆరినా ఆ మట్టి చార పోదు. తుంగ మొలిచి ఉంటే ఆ నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అక్కడ మేకలు మేపుకునేవాళ్లని "ఇక్కడ ముందు ఏం పండేది" అని అడగండి. "రెండు పంటలూ వరే బాబూ" అంటే అది పల్లం, మీరు కట్టబోయే ఇల్లు చెరువు ఆయకట్టులో ఉందన్నమాట. "నువ్వులో, గంటెలో (సజ్జలు) వేసేవాళ్లం" అంటే మెట్ట, కాస్త నయం.

అక్టోబరు దాకా ఆగితే రేటు పెరిగిపోతుందంటాడు. పెరగనివ్వండి.

ప్రశ్న: మా కాలనీకి ఎనిమిదేళ్లయినా కుళాయి లేదు, కాలువ లేదు, రాత్రి వీధి దీపం లేదు. పన్ను మాత్రం కడుతున్నాం. 90 ప్లాట్లలో ఏడిళ్లున్నాం. అడిగితే నిధుల్లేవంటారు. ఇది న్యాయమా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, చింతలవలస వైపు

జవాబు: న్యాయం కాదు సార్. అయితే మీ ఉత్తరంలోనే కారణం కూడా ఉంది, 90 ప్లాట్లు, ఏడిళ్లు. ఒక్కో ప్లాటుకి ముందువైపు 30 అడుగులు అనుకుంటే, రోడ్డుకి రెండువైపులా 45 చొప్పున, గొట్టం 1,350 అడుగులు వేయాలి. 90 ఇళ్లుంటే ఇంటికి 15 అడుగుల గొట్టం, ఏడిళ్లుంటే ఇంటికి 190 అడుగులకు పైన. రోడ్డూ అంతే, దీపాలూ అంతే, చెత్తబండి తిరగాల్సిన దూరమూ అంతే. ఊరు దగ్గరగా కాకుండా చెదిరి చెదిరి పెరిగితే అయ్యే ఖర్చు ఇది. మిగతా 83 ప్లాట్ల వాళ్లు ఎక్కడో ఉంటారు, రేటు పెరిగితే చాలు వాళ్లకి. వాళ్ల స్థలాల్లో మొలిచిన తుమ్మ కంపలు, పాములు, పందులు మాత్రం మీకు. మున్సిపాలిటీల్లో ఖాళీ స్థలాల మీద పన్ను చట్టంలో ఉంది, మీది అందులోకి వస్తే అది గట్టిగా వసూలు చేసి ఆ కాలనీకే ఖర్చు పెట్టమని అడగండి. ఆ 83 మంది పేర్లు ఈసీల్లో, అడ్రసులు దస్తావేజు నకళ్లలో దొరుకుతాయి, అసోసియేషన్ పెట్టి వాళ్లకి ఉత్తరాలు రాసిన కాలనీలు కొన్ని నాకు తెలుసు, పదిమందైనా డబ్బు పంపారు. లేఔట్ వేసేటప్పుడు పనులు పూర్తి చేస్తామని హామీగా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు. మీ లేఔట్‌లో పనులు కాకుండానే వాటిని విడిచిపెట్టారా అన్నది సమాచార హక్కు కింద అడగండి, జవాబు రాతపూర్వకంగా రావాలి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం గుజరాతీపేటలో పాత పెంకుటిల్లు, మా మావగారు కట్టింది. దీన్ని అమ్మి ఎచ్చెర్ల దారిలో హైవే పక్కన కొత్త విల్లా కొందామని అబ్బాయి, కోడలు పట్టుబడుతున్నారు. నాకు 68, ఆయనకు 74. వాళ్లు మమ్మల్ని బాగా చూసుకుంటారు, ఆ భయం లేదు. కానీ వెళ్లాలని లేదు. ఎందుకు లేదో సరిగ్గా చెప్పలేకపోతున్నాను, చెబితే "పాత ఇంటి మీద మమకారం" అని నవ్వేస్తున్నారు.
– ఒక అమ్మ, శ్రీకాకుళం

జవాబు: మీరు చెప్పలేకపోయింది నేను చెప్పడానికి ప్రయత్నిస్తానమ్మా, తప్పయితే మళ్లీ రాయండి.

ఇప్పుడు మీరు పొద్దున లేచి పాలకి నడిచి వెళ్తారు. కూరలకి నడిచి వెళ్తారు. మీ వారికి బీపీ మాత్ర అయిపోతే వీధి చివర మెడికల్ షాపు. ఆదివారం అరసవల్లి వెళ్లాలంటే పది రూపాయలో ఇరవయ్యో ఇచ్చి షేర్ ఆటో ఎక్కేస్తారు, ఎవరినీ అడగక్కర్లేదు. కొత్త ఇంట్లో వీటిలో ప్రతిదానికీ అబ్బాయి బండి తీయాలి, లేకపోతే కోడలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. పగలంతా గేటు వేసి ఉంటుంది, వీధిలో మనిషి కనపడడు. మీరు వద్దంటున్నది కొత్త ఇంటిని కాదు, ఒకరి మీద ఆధారపడి బతకడాన్ని. అది మమకారం అని కొట్టిపారేసే విషయం కాదు.

పిల్లల మాటలోనూ నిజం ఉంది, అదీ ఒప్పుకోవాలి. పాత ఊళ్లో కారు పెట్టే చోటు లేదు, కాలువలు వాసన, ఏడురోడ్ల జంక్షన్‌లో రోడ్డు దాటాలంటే నాకే గుండె దడ, ఫుట్‌పాత్ ఉన్న చోట దుకాణాల సామాను. మనవలు ఆడుకోవడానికి గజం చోటు లేదు. వాళ్లు కోరుకుంటున్న గాలీ వెలుతురూ తప్పు కోరిక కాదు. ఊరి మధ్యలోనే పార్కులు, నడిచే దారులు ఉండి ఉంటే వాళ్లకి హైవే పక్కకి పరుగెత్తాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

నా సలహా, అమ్మకండి, కొనకండి, ఆరు నెలలు అక్కడ అద్దెకుండండి. జులైలో వెళ్లి డిసెంబరు దాకా, వానలన్నీ చూసి. పాత ఇంటికి తాళం వేసి ఉంచండి. పెట్రోలు, స్కూలు బస్సు, ఆటోలు, నీళ్ల ట్యాంకరు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమని కోడలికే చెప్పండి, ఆవిడ రాస్తేనే బాగుంటుంది. రాత్రి పదింటికి ఆయనకి ఆయాసం వస్తే పెద్దాసుపత్రికి ఎంతసేపట్లో వెళ్లగలరో అబ్బాయిని ఒక రాత్రి బండి మీద వెళ్లి చూసి రమ్మనండి. అప్పటికీ అందరికీ అక్కడే బాగుందనిపిస్తే వెళ్లండి. లేదంటే పాత ఇంటి వెనక పెరడు ఎంతుందో మీరు రాయలేదు, అక్కడే మేడ లేపుకునే వీలుందేమో ఒక ఇంజనీరుకి చూపించండి.

ప్రశ్న: ఆమదాలవలస రోడ్డులో నాకు ఎకరం పావు పల్లం ఉంది. మూడువైపులా లేఔట్లు పడిపోయాయి. చెరువు మదుము (తూము) నుంచి నా మడికొచ్చే పిల్లకాలువని నెల కిందట మట్టితో కప్పేశారు. అడిగితే "నువ్వూ అమ్మేయ్, అందరికీ గొడవ వదులుతుంది" అంటున్నారు. ఇంట్లో పిల్లలు కూడా అదే మాట. అమ్మనంటున్న నేను మూర్ఖుడినా?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాదు అన్నా. మీ ఎకరం పావు మడి ఒక పెద్ద వానకి అయిదు లక్షల లీటర్ల నీళ్లని పట్టి ఉంచుతుంది. మొదటి ఉత్తరం రాసిన విజయనగరం అమ్మ ఇంటికి ఎగువన మీలాంటి రైతులు నలుగురు మిగిలి ఉంటే ఆవిడ హాల్లోకి అన్ని నీళ్లు వచ్చేవి కావు. మీ కింద ఇళ్లు కట్టుకున్నవాళ్లకి ఈ సంగతి తెలియదు, తెలిస్తే మీ కాలువ కోసం వాళ్లే వస్తారు. అమ్మడం, అమ్మకపోవడం మీ ఇష్టం, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ మీకుంటాయి, నేను కూర్చుని నీతులు చెప్పను. కానీ నీళ్లు ఆపి అమ్మించడం మాత్రం దౌర్జన్యం, దానికి లొంగొద్దు.

కాలువ ప్రభుత్వ పటంలో ఉంటే దాన్ని కప్పే హక్కు ఎవరికీ లేదు, తహసీల్దారుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పటంలో లేకుండా పక్కవాళ్ల పొలం మీదుగా వచ్చేదయినా, ఇరవై ఏళ్లకు పైగా ఎవరి అడ్డూ లేకుండా, హక్కుగా వాడుకున్న నీటిదారి మీద మీకు హక్కు వస్తుంది, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఉన్న మాట ఇది. ఆ కాలువ నీళ్లతో మీ నాన్నగారి రోజుల నుంచి పండించారని చెప్పగల ఇద్దరు పెద్దవాళ్లని చూసుకోండి. మీ చెరువుకి నీటి సంఘం ఉంటే వాళ్ల చేత కూడా ఒక తీర్మానం రాయించండి, 1997 చట్టం ప్రకారం ఆయకట్టు రైతులంతా అందులో సభ్యులే.

అన్నిటికంటే ముందు రేపు పొద్దున్నే వెళ్లి ఫొటోలు తీయండి. కప్పిన మట్టి, మదుము, మీ గట్టు, సర్వే రాయి ఒకే ఫొటోలో కనపడేలా, తేదీ పడేలా. ప్రస్తుతానికి మట్టే పోశారు, సిమెంటు రోడ్డు పడిందంటే తవ్వించడం పది రెట్లు కష్టం. ఉత్తరంలో మీ ఫోన్ నంబరు ఉంది, ఈ వారంలో చేస్తాను. తహసీల్దారు దగ్గరికి వెళ్లే రోజు ముందుగా చెప్పండి, నేనూ వస్తాను.